వర్ణమాలకి లైసెన్స్ ఉంటుందా?

ఘట్‌కేసర్‌లో చదువుకునే మనకి ఈసీఐఎల్ అంటే ఒక క్రాస్‌రోడ్స్. అసలది 1967లో మొదలైన ఎలక్ట్రానిక్స్ సంస్థ. డెబ్బైల్లో టీడీసీ వరుస కంప్యూటర్లు అక్కడే తయారయ్యాయి. ప్రాసెసర్ అంటే అలాంటి పెద్ద సంస్థల పనే అనుకుంటాం కదా, ఇప్పుడు అలా లేదు.

ఏ ప్రాసెసర్‌కైనా యాడ్, లోడ్, స్టోర్ లాంటి ఆదేశాల పట్టిక ఉంటుంది. అదే ఇన్‌స్ట్రక్షన్ సెట్. ఆర్మ్ వాళ్లది వాడి చిప్ చెయ్యాలంటే లైసెన్స్ కొనాలి. 2010లో బర్క్‌లీలో మొదలైన రిస్క్-ఫైవ్ మాత్రం మన వర్ణమాల లాంటిది. అ, ఆ రాయడానికి ఎవరికీ డబ్బు కట్టం! కానీ అక్షరాలు అందరివైనా, రాసిన కథ రాసినవాళ్లదే. అలాగే రిస్క్-ఫైవ్ చిప్ అన్నంత మాత్రాన లోపలి డిజైన్ చూపించాలని ఏమీ లేదు. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు.

చూపించేవాళ్లూ ఉన్నారు. ఐఐటీ మద్రాస్ వాళ్ల 'శక్తి' డిజైన్‌ని ఎవరైనా చదవొచ్చు. చేత్తో పట్టుకుని చూడాలంటే 2024లో 5 డాలర్లకి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో 2 ఉంది. దాని చిప్‌లో రెండు ఆర్మ్ కోర్లు, రెండు రిస్క్-ఫైవ్ కోర్లు. ఏ జత నడవాలో మనమే ఎంచుకోవచ్చు. మామూలు లైనక్స్ డెస్క్‌టాప్ నడిచే బోర్డు కాదులెండి. కానీ ఒకే సీ ప్రోగ్రామ్‌ని రెండు జతలకీ కంపైల్ చేసి, వచ్చిన అసెంబ్లీని పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రిస్క్-ఫైవ్ కోర్ పేరు హజార్డ్3. మనం పరీక్షకి బట్టీపట్టే పైప్‌లైన్ అందులో మూడు దశలే, దాని వెరిలాగ్ కోడ్ మొత్తం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.