నలభై రెండు రోజుల లెక్క

ఢిల్లీలోని కరోల్ బాగ్ అనగానే బట్టల కొట్లు, గఫార్ మార్కెట్ ఫోన్లు, సివిల్స్ కోచింగుకు వచ్చిన తెలుగు పిల్లల అద్దె గదులు గుర్తొస్తాయి. ఆ సందడి పక్కనే విశాలమైన పొలాల మధ్య భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. 1905లో బిహార్‌లోని పూసా గ్రామంలో పుట్టిన ఈ సంస్థ, 1934 భూకంపంలో భవనాలు దెబ్బతినడంతో 1936లో ఢిల్లీకి తరలివచ్చింది. చోటు మారినా పేరు పోలేదు, జనం నోట ఇప్పటికీ అది పూసాయే. దేశమంతటా తేనెటీగలపై సాగే సమన్వయ పరిశోధనకు కేంద్రం కూడా ఈ ఆవరణలోనే ఉంది.

తేనెటీగల పని పంటల పూత చుట్టూనే తిరుగుతుంది. అక్టోబరులో ఢిల్లీ పొలిమేరల నుంచి రాజస్థాన్‌లోని భరత్‌పూర్, అల్వర్ దాకా ఆవాలు విత్తుతారు. డిసెంబరుకు ఆ చేలు పచ్చగా పూస్తాయి. పెంపకందార్లు తేనె పెట్టెలను రాత్రిపూట లారీల్లో ఎక్కించి ఆ పూత దగ్గరికి తీసుకుపోతారు. ఆ పెట్టెల్లో ఉండేది ఎక్కువగా ఐరోపా జాతి ఈగలే. 1962లో హిమాచల్‌లోని నాగ్రోటా బగ్వాన్‌లో నిలదొక్కుకున్న ఆ జాతే ఉత్తరాదంతా వ్యాపించింది. మన అరకులోనూ చలికాలం మొదట్లో వలిసెలు పూస్తాయి. రబీ పొద్దుతిరుగుడు వంతు ఆ తర్వాత వస్తుంది.

చాలామంది రైతులు పూత కనిపించాకే పెట్టె వైపు చూస్తారు. అప్పటికి సగం పంట చేజారినట్టే. ఎందుకో తెలియాలంటే కూలి ఈగ వయసు లెక్క తెలియాలి. గుడ్డు మూడు రోజులకు పొదుగుతుంది. పురుగు దశ, ప్యూపా దశ దాటి ఈగగా బయటపడేసరికి 21 రోజులు. రాణి ఈగకైతే 16, పోతుటీగకు 24. బయటపడ్డ కూలి ఈగ వెంటనే పూల మీదికి పోదు. మొదట గదులు శుభ్రం చేస్తుంది, పిల్లలకు మేత పెడుతుంది, మైనం కారుస్తుంది, గుమ్మం కాస్తుంది. సుమారు మరో మూడు వారాలకు గానీ మకరందం కోసం బయలుదేరదు. అంటే ఈ రోజు రాణి పెట్టిన గుడ్డు మనకు తేనె తేవడానికి దాదాపు 42 రోజులు పడుతుంది. పూత కాలంలో ఈగగా బయటపడ్డాక కూలి ఈగ బతికేది సుమారు ఆరు వారాలే.

రబీ పొద్దుతిరుగుడు విత్తిన 55-60 రోజులకు పూస్తుంది. వెనక్కి లెక్కేస్తే, మొలకెత్తి నాలుగైదు ఆకులు వేసే వేళకే, అంటే విత్తిన 13-18 రోజులకే, రాణి జోరుగా గుడ్లు పెట్టడం మొదలుకావాలి. అప్పటికి బయట మేత లేకపోతే పంచదార, నీళ్లు సమపాళ్లలో కలిపిన పాకాన్ని సాయంత్రం పెట్టె లోపలే పెట్టాలి. పగలు పెడితే, బయట ఒలికితే పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. పెట్టె మీద తేనె నిల్వకు తేనె గది ఎక్కించాక మాత్రం పాకం ఆపేయాలి, లేకపోతే అది తేనెలో కలుస్తుంది. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం మరవొద్దు.

రాణి పనిచేస్తోందా లేదా అని దాన్నే వెతుక్కుంటూ పెట్టెంతా కెలకనక్కర్లేదు. ఎండ పడేలా ఫ్రేము పట్టుకుని గది అడుగున చూడాలి. మొదటి రోజు గుడ్డు నిటారుగా నిలబడి ఉంటుంది, రెండో రోజు ఒరుగుతుంది, మూడో రోజు అడుగున పడుకుంటుంది. నిలబడ్డ గుడ్డు కనిపించిందంటే నిన్నో ఈ రోజో రాణి అక్కడ ఉన్నట్టే. ఒక గదిలో రెండు మూడు గుడ్లు, అవీ గోడలకు అంటుకుని ఉంటే రాణి పోయి కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయని అనుమానించాలి. అలాంటి పెట్టె నుంచి తేనె వస్తుందని ఆశ పెట్టుకోకండి.

పొద్దుతిరుగుడులో గింజ నిండటానికి మెత్తటి గుడ్డతో పువ్వు రుద్దే పద్ధతి మన రైతులకు తెలిసిందే. ఎకరానికి రెండు పెట్టెలుంటే ఆ కూలి ఖర్చు తగ్గుతుంది. అయితే పూత మీద పురుగుమందు కొట్టడమే అసలు చిక్కు. తప్పనిసరైతే ఈగలు గూటికి చేరిన తర్వాత, సాయంత్రం చీకటి పడేటప్పుడు కొట్టాలి. ముందురోజే పక్క చేను రైతుకు, పెట్టెల యజమానికి చెప్పాలి. ఈ ఒక్క మాట ఎగ్గొట్టడం వల్లే పెట్టెల ముందు ఈగలు గుట్టలుగా రాలుతుంటాయి.

పిండే వేళ తొందర తగదు. ఫ్రేములో ముప్పాతిక గదులకు మైనపు మూత పడ్డాకే తీయాలి. మూత పడని తేనెలో తేమ ఎక్కువ, పులుస్తుంది. ఇక ఆవ తేనె సంగతి: ఢిల్లీ చలికి అది త్వరగా గడ్డకడుతుంది, ఇంటికొచ్చినవాళ్లు చక్కెర కలిపారని అనుమానిస్తారు. గ్లూకోజ్ ఎక్కువగా ఉండటం వల్ల జరిగే సహజమైన మార్పు అది. గోరువెచ్చటి నీళ్లలో సీసా ఉంచితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టకూడదు.

పొద్దుతిరుగుడు విత్తబోయేవారు విత్తిన తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, పదిహేనో రోజున తప్పకుండా పెట్టె తెరిచి గుడ్లు చూడండి. కొత్తగా మొదలుపెట్టేవారు ముందు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ తీసుకుని, రెండు పెట్టెలతోనే ఆరంభించండి.