డిప్‌స్టిక్ చెప్పేదాకా నమ్మకండి

‘నిన్ను నువ్వు నమ్ముకో’ అని వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ చెబుతాయి. ఇంట్లోనే కారు ఆయిల్ మార్చేవాడు ఆ మాట పట్టుకుంటే ఇంజన్ పోతుంది. అక్కడ నమ్మాల్సింది ఆయిల్ ఎంతుందో కొలిచే డిప్‌స్టిక్‌ని. ఆత్మవిశ్వాసం నేర్పడానికి ఇంతకన్నా మంచి బడి నాకు కనపడలేదు.

మజ్దా ఎంఎక్స్-5నే తీసుకోండి. అమెరికాలో మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకొచ్చింది. 1960ల నాటి లోటస్ ఎలాన్ లాంటి బ్రిటిష్ రెండు సీట్ల కార్ల అందం, జపాన్ కార్ల నమ్మకం కలిపి చేసిన బండి. అమెరికాలో ఉన్న మనవాళ్లెవరైనా పాతదొకటి కొనుక్కుంటే, శనివారం పొద్దున గరాజ్‌లో ఈ పని చేసుకోవచ్చు.

ఇంజన్‌ని కాసేపు నడిపి ఆపండి. వెచ్చబడిన ఆయిల్ తేలిగ్గా కారుతుంది. మరీ వేడెక్కితే మాత్రం చెయ్యి కాలుతుంది. ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కింద ఎవ్వరూ దూరకూడదు. జాకీ ఉన్నది ఎత్తడానికి, మోయడానికి స్టాండ్లు వేయాలి. ధైర్యం చూపించే చోటు కాదిది.

కింద డ్రెయిన్ బోల్టు విప్పి పాత ఆయిల్ కార్చేశాక ఫిల్టర్ వంతు. తొలితరం మియాటా ఆయిల్ ఫిల్టర్ ఓపికకు పరీక్ష పెడుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, చెయ్యి పట్టీపట్టని సందులో ఇరికించారు. కొత్తవాళ్లు పైనుంచే మెలికలు తిరిగి, ముంజేయి గీరుకుపోయి, డిజైన్ చేసినవాణ్ని తిట్టుకుంటారు. అనుభవమున్నవాళ్లలో చాలామంది కుడివైపు ముందు చక్రం విప్పేసి పక్కనుంచి చెయ్యి పెడతారు. పని కాస్త పెరిగినా విసుగు బాగా తగ్గుతుంది. పని మొండికేస్తే బలం పెంచడం మనకు అలవాటు. ముందు దారి మార్చి చూడండి.

ఫిల్టర్ ఊడొచ్చాక దాని రబ్బరు రింగు కూడా వచ్చిందో లేదో చూడాలి. ఒక్కోసారి అది ఇంజన్‌కే అతుక్కుపోతుంది. దానిమీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే, స్టార్ట్ చేయగానే ఒత్తిడికి రింగు జారి ఆయిలంతా నేలపాలు. పాత ఆఫీసు కోపాలను కొత్త ఉద్యోగంలోకి మోసుకెళ్లేవాళ్లకూ సరిగ్గా ఇలాగే కారుతుంది.

ఇక బిగించడం. మనిషి స్వభావం ఇక్కడ బయటపడుతుంది. భయస్తుడు అతిగా బిగిస్తాడు. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేసి, వేళ్లతోనే మర ఎక్కించి, ఆ తర్వాత స్పానర్ పట్టాలి. టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్లో రాసినంతే. ‘ఇంకొక్క చుట్టు’ అన్నారంటే ఆయిల్ పాన్ మరలు చెడతాయి. ఆదా మాట దేవుడెరుగు, చేతి చమురు వదులుతుంది. ఫిల్టర్‌కి స్పానర్ కూడా అక్కర్లేదు. రింగుకు కొత్త ఆయిల్ రాసి, ఆనుకున్నాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు.

తొలితరం 1.6 లీటర్ ఇంజన్‌కి ఫిల్టర్‌తో కలిపి సుమారు 3.5 లీటర్లు పడుతుంది. అమెరికా షాపుల్లో దొరికే పెద్ద డబ్బాలో 5 క్వార్టులు, అంటే 4.7 లీటర్లు ఉంటుంది. కొన్నాం కదా అని మొత్తం ఒంపితే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది. నురగ ఇంజన్‌ని కాపాడదు. మూడు లీటర్లు దాటగానే ఆగండి. ఒక్క నిమిషం నడిపి ఆపి, ఆయిల్ కిందికి దిగనివ్వండి. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ దించి చూడండి. నిండిందని చెప్పే ఎఫ్ గీత దగ్గరికి వచ్చేదాకా కొద్దికొద్దిగా కలపండి. కింద టార్చి వేసి చూడండి. పొడిగా ఉందా? ఇప్పుడు నమ్మండి, మిమ్మల్ని మీరే.

పాత ఆయిల్‌ని కాలవలో పోయకండి. ఒక్క ఆయిల్ మార్పిడిలో వచ్చింది పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ హెచ్చరిస్తుంది. అక్కడి విడిభాగాల దుకాణాలు చాలావరకు వాడిన ఆయిల్‌ని ఊరికే తీసుకుంటాయి.

మన దగ్గర ఈ కారు లేకపోతేనేం, ఇంటి ముందు బైకుంది కదా. స్ప్లెండర్ లాంటి బైకులకు ఆయిల్ మూతలోనే కొలపుల్ల ఉంటుంది. ఇంజన్ కాసేపు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగండి. సెంటర్ స్టాండ్ మీద తిన్నగా నిలబెట్టి, పుల్ల తుడిచి, మర తిప్పకుండా ఊరికే దించి తీయండి. ఈ ఆదివారమే చూడండి.