మగ్గం నుంచి మహానగరానికి

జనగామ జిల్లా లింగాల ఘనపూర్ పరిసర గ్రామాలలో ఇంట పెళ్లి కుదిరిందంటే ముందుగా వినిపించే మాట 'పట్నం పోవాలె' అన్నది. తెలంగాణ పల్లెవాసికి పట్నం అంటే హైదరాబాదే. బట్టల దుకాణాలు, బంగారు అంగళ్లు జనగామలోనూ ఉన్నాయి. అయినా పెళ్లికూతురి పట్టుచీర, పెళ్లికొడుకు షేర్వాణీ, గాజులు, ముత్యాల దండ కొనడానికి కుటుంబమంతా దాదాపు ఎనభై అయిదు కిలోమీటర్లు ప్రయాణం చేసి వెళుతుంది. దీనికి వేడుక ఒక్కటే కారణం కాదు. అలంకారానికి సంబంధించిన వస్తువులన్నీ ఒకచోట చేరి, పోల్చి చూసుకొని, బేరమాడి కొనగలిగే చోటునే ప్రజలు నగరమంటారు.

ఈ అలవాటు ఇప్పటిది కాదు. లింగాల ఘనపూర్ ఉన్న జిల్లాలోనే పాలకుర్తి ఉంది. ద్విపదకు కావ్యగౌరవం కలిగించిన పాల్కురికి సోమనాథుని ఊరు అదే. వీరశైవ భక్తిని పాడిన ఆ కవి తన కాలంలో వాడుకలో ఉన్న వస్త్రాల పేర్లను ఒకచోట వరుసగా ఏకరువు పెట్టాడు. వాటిలో అనేకం నేడు నిఘంటువులకు కూడా చిక్కవు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రచించేటప్పుడు ఇటువంటి పట్టికలనే చరిత్రకు ఆధారాలుగా గ్రహించాడు. ఒక భక్తకవికి ఇన్ని రకాల బట్టల పేర్లు తెలిశాయంటే అవి అమ్ముడుపోయే అంగళ్లు అతనికి దూరంగా లేవని ఊహించవచ్చు. ఆ అంగళ్లకు కేంద్రం ఓరుగల్లు. ఇద్దరు మిత్రులు ఆ నగర వీథులలో ఒక దినమంతా తిరుగుతూ చూసిన వింతలే 'క్రీడాభిరామం' కథావస్తువు. అందులోని టిట్టిభసెట్టి వర్తకుడు కావడం గమనింపదగినది.

నగరానికి సరుకులు ఎక్కడి నుంచి వచ్చేవో శాసనాలు తెలుపుతున్నాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడలు దెబ్బతిని తీరానికి కొట్టుకొనివచ్చినప్పుడు పూర్వపు రాజులు సరుకంతా స్వాధీనం చేసుకొనేవారనీ, ఇక మీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ దాని సారాంశం. ఆ సుంకాల పట్టికలో చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం కనిపిస్తాయి. నేటి భాషలో చెప్పాలంటే అవన్నీ సౌందర్య సాధనాలే. అదే శతాబ్దంలో ఈ తీరాన్ని గూర్చి వ్రాసిన మార్కోపోలో ఇక్కడి సన్నని బట్టను సాలెగూటితో పోల్చాడు.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో హైదరాబాదుకు పునాది వేశాడు. చార్మినారు నాలుగు దిక్కులకు నాలుగు బాటలు సాగినట్లే, నగరం కూడా బజారు చుట్టూ పెరిగింది. గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నం. అక్కడి నుంచి ఓడలెక్కిన అద్దకపు బట్టలు ఐరోపాలో ఎంత మోజు కలిగించాయంటే, స్వదేశీ నేతగాళ్ల ఒత్తిడి వల్ల ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701లో వాటి దిగుమతిపై నిషేధం విధించాయి. అది చాలక 1721లో ఇంగ్లండు అటువంటి బట్టను ధరించడాన్ని సైతం చాలావరకు నిషేధించింది. ఫ్యాషన్ అనే మాట మనకు పడమటి నుంచి వచ్చినది కావచ్చు. ఆ మోజును పడమటికి పంపిన దేశాలలో మనదీ ఒకటి.

చార్మినారుకు పశ్చిమాన ఉన్న లాడ్ బజారును పరిశీలిస్తే ఈ వ్యాపారపు లోగుట్టు తెలుస్తుంది. అక్కడి లక్క గాజులు ప్రసిద్ధమైనవి. లక్కను నిప్పుల సెగపై మెత్తబరచి, సాగదీసి, వలయంగా చుట్టి, అది చల్లారేలోగా అద్దపు రాళ్లను ఒక్కొక్కటిగా పొదగాలి. చేయి కాలకుండా, రాయి జారకుండా చేసే ఈ పనిని అధికభాగం పాతబస్తీలోని ఇరుకైన గదులలో కూర్చున్న స్త్రీపురుషులే చేస్తారు. మెరిసేది దుకాణం; మసిబారేది ఆ గది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ముత్యాల కథ ఇంకా విచిత్రమైనది. హైదరాబాదుకు సముద్రం లేదు. పూర్వం బస్రా ముత్యాలు వచ్చేవి. నేడు చైనా మంచినీటి ముత్యాలు వస్తున్నాయి. అయినా దీనికి ముత్యాల నగరమనే పేరు నిలిచింది. ముత్యాన్ని ఏరడం, వన్నె చూసి వేరుచేయడం, పగలకుండా రంధ్రం వేయడం, దండ గుచ్చడం ఇక్కడి పనివారికి తరతరాలుగా అబ్బిన విద్యలు. సరుకు ఎక్కడ పుట్టిందన్న దానికంటే ఎక్కడ ధర పలికిందన్నదే వర్తకంలో ముఖ్యమవుతుంది. నగరాల బలమూ అదే, పల్లెలకు కలిగే నష్టమూ ఒక్కొక్కప్పుడు అదే.

ఆసఫ్ జాహీల కాలంలో దుస్తులు హోదాకు గుర్తుగా మారాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తులు భద్రపరచిన గది పురానీ హవేలీలో నేటికీ సందర్శకులను ఆశ్చర్యపరుస్తున్నది. అది గది అనడం కంటే బీరువాలు బారులుతీరిన వీథి అనడం సముచితం. ఆయన కొలువులోని ఆర్మీనియా జాతీయుడు ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం పేరు మీదనే నేటి ఆబిడ్స్ వెలసింది. 1874లో సికింద్రాబాదు చేరిన నిజాం రైలుమార్గాన్ని 1886లో వరంగల్లు వరకు పొడిగించారు. ఆ దారిలోనే జనగామ ఉంది. పట్నపు సరుకు పల్లెకు, పల్లె పనితనం పట్నానికి వేగంగా చేరసాగాయి. జనగామ పక్కనున్న పెంబర్తి శిల్పులు కాకతీయుల నాడు దేవతా విగ్రహాలకు, రథాలకు ఇత్తడి తొడుగులు చేసినవారు. నవాబుల కాలంలో వారే అత్తరుదానులు, పాన్‌దాన్‌లు చేసి ఇచ్చారు. కొనేవాడు మారినప్పుడు వస్తువు మారింది. సుత్తి దెబ్బ మాత్రం మారలేదు.

స్వాతంత్ర్యానంతరం, ముఖ్యంగా 1990ల తరువాత, నగర స్వరూపం త్వరితగతిన మారింది. చెన్నపట్నం నుంచి తెలుగు చలనచిత్ర పరిశ్రమ హైదరాబాదుకు తరలివచ్చిన తరువాత, కథానాయిక కట్టిన చీర పేరుతోనే దుకాణాలలో చీరలు అమ్ముడుపోవడం మామూలైంది. జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ, అనగా నిఫ్ట్, 1995లో ఇక్కడ కేంద్రాన్ని ప్రారంభించింది. దర్జీ పనిగా భావింపబడినది దీనితో డిగ్రీ చదువుగా మారింది. అంతస్తుల మాల్స్ వెలిశాయి. వీథి వీథికి బ్యూటీ పార్లర్లు వచ్చాయి. కుట్టుమిషనుతోనో, అలంకరణ పనిలో కొద్ది నెలల శిక్షణతోనో ఇల్లు నడుపుకొంటున్న పల్లెటూరి యువతులు నగరంలో ఎందరో ఉన్నారు. ఈ రంగాన్ని కేవలం విలాసంగా కొట్టివేసేవారు ఈ సంగతిని విస్మరించరాదు.

ఇక మగ్గం వద్దకు వద్దాం. జనగామ నుంచి పట్నం పోయే రైలు ఆలేరు మీదుగా పోతుంది. ఆలేరు సమీపంలోని శారాజీపేట చేనేత గ్రామం. పోచంపల్లి పద్ధతిలో నేసే చీరకు రంగుల ఆకృతి నేతలో పుట్టదు. నేతకు ముందే నూలులో పుడుతుంది. అందుకోసం దారాన్ని అర్ధవృత్తాకారంగా అమర్చిన మేకుల చుట్టూ తిప్పాలి. దీనినే ఆసు పోయడం అంటారు. ఆసు పోసిన నూలును అవసరమైన చోటులలో గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఒక్క చీరకు ఆసు పోయడానికి చేయి సుమారు తొమ్మిది వేల సార్లు ముందుకు వెనుకకు కదలాలి. నాలుగైదు గంటల ఈ పని సాధారణంగా ఇంటి స్త్రీలది. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేల కదలికలు. భుజాలు పట్టివేస్తాయి.

శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి పడిన బాధ ఇదే. ప్రాథమిక విద్యతోనే చదువు ఆపిన ఆ యువకుడు తల్లి కోసం యంత్రం చేయాలని పూనుకొన్నాడు. అప్పులు పెరిగాయి, ఎగతాళీ ఎదురైంది. చివరి భాగం ఎంతకూ కుదరలేదు. బతుకుతెరువుకై హైదరాబాదు వచ్చి విద్యుత్ పనిచేస్తూ, బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో కదులుతున్న యంత్రాన్ని చూసినప్పుడు ఆ లోపించిన కదలిక ఆయనకు స్ఫురించింది. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టాడు. గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. చీరను కొనే నగరమే, ఆ చీర వెనుకనున్న నొప్పికి మందు కూడా చూపడం ఇక్కడి విశేషం.

అయితే యంత్రం శ్రమను తగ్గించగలదు గాని ధరను నిలబెట్టలేదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో ఇతరులు అమ్మరాదని దాని అర్థం. కాని ఆకృతిని మరమగ్గపు బట్టపై అచ్చువేసి, చవకగా అమ్మే సరుకు నగరపు బజారులో కొల్లలుగా దొరుకుతున్నది. కుటుంబమంతా రోజుల తరబడి శ్రమించిన చీర పక్కనే, నిమిషాలలో అచ్చయిన చీర అదే ఆకృతితో, కొన్ని వందల రూపాయలకు వేలాడుతుంటుంది. కొనేవారిని తప్పుపట్టలేము, తేడా చెప్పేవారు అరుదు. 2000ల దశకంలో చేనేత, మరమగ్గ కుటుంబాలలో సంభవించిన ఆత్మహత్యలకు అప్పులతోపాటు ఇటువంటి అసమాన పోటీ కూడా కారణమైంది.

తేడా గుర్తించడం మాత్రం కష్టం కాదు. అచ్చువేసిన బట్టకు రంగు పైవైపున నిండుగా, అడుగువైపున వెలవెలబోయి ఉంటుంది. గీతలు కోసినట్లు పదునుగా ఉంటాయి. నూలులోనే రంగు పట్టిన చీరకు రెండు వైపులా ఆకృతి ఒకే రీతిగా కనబడుతుంది. అంచులు కొద్దిగా చెదరి, నీటిలో నీడవలె కదిలినట్లుంటాయి. కట్టినవారి చేతి పట్టులోని స్వల్పమైన హెచ్చుతగ్గులే ఆ చెదురు. లింగాల ఘనపూర్ నుంచి వచ్చిన పెళ్లివారు పట్నపు దుకాణంలో చీర మడత విప్పి వెనుకకు తిప్పి చూస్తే, అది తాము ఉదయం రైలులో దాటివచ్చిన ఆలేరు పక్క ఊరి మగ్గం మీద దిగినదై ఉండవచ్చు.