రొట్టెయు, సువార్తయు
(పాఠ్యభాగము: యోహాను 6:22–35)



డిసెంబరు నెల వచ్చినదనగా మన కొంపల్లి రోడ్డు మీదుగా మెదక్ దేవాలయమునకు పోవు బస్సులు విశ్వాసులతో నిండియుండును. వెస్లియన్ మెథడిస్టు మిషనెరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు కరవు దినములలో పేదలకు పని చూపి, కడుపునిండ అన్నము పెట్టి కట్టించిన ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని గోపురమును చూచినప్పుడెల్ల మా మనస్సున ఒక ప్రశ్న లేచుచుండును. ఆకలిగొన్నవాడు అన్నము కొరకు వచ్చునా, ప్రభువు కొరకు వచ్చునా? రొట్టెలు తిని తృప్తిపొందినందుననే తన్ను వెదకుచున్నారని ప్రభువే ఆ జనులతో అనెను గదా.

ఈ ప్రశ్న మెదక్ కంటె ముందే ఒంగోలులో లేచినది. అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు 1866లో అచ్చటికి చేరిరి. ఆయన రాకమునుపే తోళ్ల వ్యాపారియైన యెర్రగుంట్ల పేరయ్యగారు సువార్త విని, తనవారికి చెప్పుచుండిరి. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడెను.

పిమ్మట 1876–78 సంవత్సరములలో ఘోరమైన కరవు వచ్చెను. పెద్దలు దానిని ధాత కరవనిరి. యౌవనమున సర్వే పని నేర్చిన క్లౌగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొని, వేలమందికి కూలి దొరకునట్లు చేసిరి. తెలుగు బోధకులే మేస్త్రీలై పని చేయించుచు, విశ్రాంతి వేళ వాక్యము చెప్పుచుండిరి. అనేకులు బాప్తిస్మ మడిగిరి. క్లౌగారు ఒప్పుకొనలేదు. సహాయము జరుగుచున్నంత కాలము, పదునైదు నెలలు, ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. సహాయము నిలిచిన పిమ్మటనే తలుపు తెరచిరి. ఇక పంచుటకు డబ్బు లేదని తెలిసియు జనులు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు దొరగారు కారు. మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరుగా నీటిలో దిగి ఇచ్చిరి.

వచ్చినవారిలో అనేకులు మాదిగ పల్లెలవారు. వారు కోరినది అన్నము మాత్రమే కాదు, మనుష్యులుగా ఎంచబడు గౌరవము కూడ. అది తప్పని మేము తలంచము. ప్రభువు ఆ గౌరవము నిచ్చువాడే.

ఇందులో మనకు రెండు పాఠములు కలవు. మొదటిది, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకు షరతు ఉండకూడదు. రెండవది, పెట్టిన అన్నమునకు ప్రతిఫలముగా విశ్వాసమును అడుగకూడదు. క్లౌగారు రెంటిని వేరుగా నుంచిరి గనుకనే రెండును నిలిచెను.

మా తప్పు కూడ ఒప్పుకొనవలెను. ఒక క్రిస్మసున మేము కంబళ్లు పంచి, తీసికొన్నవారినందరిని మరుసటి ఆదివారము ఆరాధనకు రమ్మని పేర్లు వ్రాసికొంటిమి. వచ్చినవారిని లెక్కించి సంతోషించితిమి. సంక్రాంతి నాటికి ఒక్కరును లేరు. రాకపోవుట వారి తప్పు కాదు, కంబళికి వెల కట్టిన మాదే తప్పు.

నేడు కొంపల్లి చుట్టు మేడలు లేచుచున్నవి. వాటిని కట్టుచున్న కూలీలు మన గోడ ప్రక్కనే రేకుల పాకలలో చలికి వణకుచున్నారు. ఈ డిసెంబరులో వారియొద్దకు పోదము. కంబళి ఇత్తము, పేరు వ్రాయకుందము. ప్రభువును గూర్చి వారడిగిన దినమున చెప్పుటకు సిద్ధముగా నుందము. ఆయన కృప మనకందరికి తోడైయుండును గాక. ఆమేన్.