చాంబర్ విప్పే ముందు

విజయవాడ

చిరంజీవి అల్లుడికి,

నువ్వు డాలస్‌లో పాత కమారో ఎస్‌ఎస్ కొన్నావనీ, దాని ఇంజన్ కింద నూనె కారుతోందనీ, వచ్చే సెలవుల్లో నువ్వే చాంబర్, అంటే ఇంజన్ అడుగున ఉండే నూనె గిన్నె, దించి ప్యాకింగ్ మార్చాలనుకుంటున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పని నీ చేత్తో చేసుకుంటానన్నందుకు చాలా సంతోషించాను. నీ కారులో ఉన్నది 6.2 లీటర్ల ఎల్‌ఎస్3, 426 గుర్రాల ఇంజన్. నేను షార్జాలో ఉన్న రోజుల్లో గల్ఫ్‌లో షెవ్రొలే లూమినా ఎస్‌ఎస్ కార్లు బాగా తిరిగేవి. వాటిల్లోదీ ఈ ఎల్‌ఎస్ కుటుంబం ఇంజనే. అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను. పానా పట్టుకునే ముందు ఒకసారి, చాంబర్ దిగాక ఒకసారి చదువు.

అన్నిటికంటే ముందు, నూనె ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకో. చుక్క పడేది చాంబర్ అంచున కాబట్టి తప్పంతా చాంబర్ ప్యాకింగ్‌దే అనుకోకూడదు. బండి నడుస్తుంటే గాలి నూనెను వెనక్కి నెడుతుంది, బరువు కిందికి లాగుతుంది. పైన ఎక్కడ కారినా చివరికి చేరేది చాంబర్ దగ్గరికే. ఈ ఇంజన్‌లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక దాక్కున్న ఆయిల్ ప్రెషర్ సెన్సర్ కారొచ్చు, వాల్వ్ కవర్లు కారొచ్చు, క్రాంక్ వెనక సీల్ కారొచ్చు. ఇంకో చోటుంది, చాలామంది చూడనిది. చాంబర్‌కి ఎడమ పక్కన, ఫిల్టర్‌కి పైన రెండు చిన్న బోల్టులతో బిగించిన చిన్న మూత ఉంటుంది. దాని వెనక నూనె పంపు ఒత్తిడితో పరిగెడుతుంది. ఆ మూత ప్యాకింగ్ పోతే చాంబర్ మొత్తం తడిసిపోతుంది. మార్చాల్సింది చూస్తే అరచేతిలో పట్టేంత ముక్క! దానికోసం చాంబర్ దించక్కర్లేదు.

కాబట్టి మొదట ఇంజన్ అడుగుభాగమంతా డీగ్రీసర్‌తో కడిగి ఆరబెట్టు. లీకు పట్టడానికి నూనెలో కలిపే రంగు అమ్ముతారు, అది పోసి ఓ రెండు మూడు రోజులు మామూలుగా తిప్పు. తర్వాత చీకటి పడ్డాక యూవీ లైటు వేసి కింది నుంచి పైకి చూసుకుంటూ పో. అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందువైపు మెరిసే తడి ఎక్కడుందో అదే మూలం. గేర్‌బాక్స్ కలిసేచోట, ఫ్లైవీల్ కవర్ లోపలినుంచి నూనె దిగుతుంటే క్రాంక్ సీల్‌ని అనుమానించు. అప్పుడు గేర్‌బాక్స్ దించాలి, అది వేరే పని.

ప్యాకింగే పోయిందని తేలినా, అది ఎందుకు పోయిందో అడగడం మానకు. వయసైపోతే రబ్బరు గట్టిపడుతుంది, అది సహజం. కానీ పిస్టన్ రింగులు దాటి కొంత గ్యాస్ ఎప్పుడూ క్రాంక్ గదిలోకి దిగుతూనే ఉంటుంది. దాన్ని బయటికి లాగేందుకే పీసీవీ గొట్టాలు. అవి మూసుకుపోయినా, పాత యజమాని ఏదో అమర్చబోయి గొట్టాలు తప్పుగా కలిపినా, లోపల ఒత్తిడి పెరిగి ఎక్కడ సందు దొరికితే అక్కడ నూనెను బయటికి తోస్తుంది. ఇలాంటి ఇంజన్‌ని గట్టిగా తోలేవాళ్ళ దగ్గర ఇది మరీ ఎక్కువ. ఆ గొట్టాలు విప్పి చూడు. అది సరిచేయకుండా ఎంత మంచి ప్యాకింగ్ వేసినా నాలుగు నెలల్లో మళ్ళీ తడే.

ఇక మనవాళ్ళందరికీ ఉన్న అలవాటు ఒకటి చెప్తాను. తడి కనపడగానే బోల్టుకి ఇంకో తిప్పు వేయడం. పాత కార్క్ ప్యాకింగుల కాలంలో అది కొన్నాళ్ళు పనిచేసేది. ఎల్‌ఎస్ ఇంజన్‌లో ఉన్నది కార్క్ కాదు. లోహపు రేకుకి రెండువైపులా రబ్బరు అంచు పోసి చేసిన ప్యాకింగ్. ఆ రేకు ఒక హద్దు దాటి నలగదు. ఎంత బిగించినా రబ్బరుకి అదనంగా అందే నొక్కుడు ఏమీ లేదు. నీ బ్లాకు అల్యూమినియం. బలం పెడితే మర పోతుంది, అప్పుడు చిన్న లీకు కాస్తా పెద్ద ఖర్చవుతుంది.

చాంబర్ దించాలంటే ఇంజన్‌ని పైనుంచి సపోర్ట్ బార్‌కి వేలాడదీసి, కింద ఇంజన్‌ని మోసే క్రేడిల్‌ని దించాలి. స్టీరింగ్ రాడ్ విడదీసే ముందు స్టీరింగ్ చక్రం నేరుగా పెట్టి కట్టెయ్. అది ఊరికే తిరిగితే లోపలి ఎయిర్‌బ్యాగ్ చుట్ట తెగుతుంది. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకు నాన్నా. మంచి స్టాండ్లు వాడు. వీలైతే లిఫ్ట్ ఉన్న చోటు ఒకరోజు అద్దెకి తీసుకో. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనకు.

కంపెనీ వేసిన ప్యాకింగ్ చిన్న రివెట్లతో చాంబర్‌కి అంటుకుని ఉంటుంది. వాటిని డ్రిల్‌తో తీసెయ్యొచ్చు, కొత్తదానికి రివెట్లు అక్కర్లేదు. తర్వాత చాంబరూ బ్లాకూ కలిసే ముఖాలు శుభ్రం చేసేటప్పుడు డ్రిల్‌కి తగిలించే గరుకు బిళ్ళలు వాడకు. వాటి పొడి ఇసుకలాంటిది, బేరింగుల్లోకి చేరితే ఇంజన్‌నే తినేస్తుంది. ఈ సంగతి జనరల్ మోటార్స్ వాళ్ళే తమ మెకానిక్కులకి హెచ్చరికగా రాశారు. ప్లాస్టిక్ స్క్రేపర్, బ్రేక్ క్లీనర్, నూలు వదలని గుడ్డ ఉంటే చాలు. ముఖం మీద వేలు రాస్తే జిడ్డు తగలకూడదు.

ఇక సిలికాన్ పేస్టు సంగతి. షార్జాలో మా దగ్గరికి ఒక లూమినా వచ్చింది. లీకు ఆపించుకుని నెలైనా కాలేదు, ప్రెషర్ ముల్లు పడిపోతోందని. చాంబర్ దింపి చూస్తే, పంపుకి నూనె అందించే జల్లెడ మీద నల్లటి సిలికాన్ ముక్కలు, వానపాము తునకల్లా, సగం జాలీ మూసేసి ఉన్నాయి. ముందు చేసినవాళ్ళు ప్యాకింగ్ అంతటా పేస్టు దట్టించారు. బయటికి పొంగింది కనపడుతుంది కాబట్టి తుడిచారు. లోపలికి పొంగింది ఊడి జల్లెడకి చేరింది. క్రాంక్ బేరింగులు గీతలు పడి రాగి రంగు తేలాయి. లీకు మాత్రం చక్కగా ఆగింది!

అందుకే పేస్టు నాలుగు మూలల్లోనే, ముందు కవరూ వెనక కవరూ బ్లాకుతో కలిసే సందుల దగ్గర మాత్రమే, చిన్న గీతలా పెట్టు. మిగతా అంచంతా పొడిగా ఉండాలి. ఆరకముందే చాంబర్ ఎక్కించు.

ఎక్కించేలోపు, చాంబర్ దిగి ఉండగానే, జల్లెడ నుంచి పంపుకి నూనె అందించే పికప్ ట్యూబ్ ఓ-రింగ్ మార్చడం మరచిపోకు. ఈ ఉత్తరంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకో. చిన్న రబ్బరు వలయం, ధర పెద్దగా ఉండదు. అది గట్టిపడినా, నలిగి కూర్చున్నా పంపు నూనెతోపాటు గాలి పీలుస్తుంది. నీ ఇంజన్‌కి సరిపోయే మందమే అడిగి తెచ్చుకో. ఎల్‌ఎస్ ఇంజన్లలో అన్నిటికీ ఒకటే ఓ-రింగ్ రాదు. నూనె రాసి, ట్యూబ్‌ని చేత్తో సూటిగా నొక్కి కూర్చోబెట్టాకే బోల్టు పెట్టు. బోల్టుతో లాగి కూర్చోబెడితే వలయం ఒకపక్క నలుగుతుంది.

ఈ చాంబర్ నూనె గిన్నె మాత్రమే కాదు, గేర్‌బాక్స్‌కి కూడా బోల్టులతో బిగుస్తుంది, ఇంజన్‌కి బలాన్నిస్తుంది. కాబట్టి దాని వెనక అంచు బ్లాకు వెనక ముఖంతో సమంగా ఉండాలి. స్టీలు స్కేలు ఆనించి చూడు. బయటికి పొడుచుకొచ్చిందంటే గేర్‌బాక్స్ బిగించినప్పుడు చాంబర్ మీద ఒత్తిడి పడి పగలొచ్చు. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, సమం చూసి, అప్పుడు టార్క్ రెంచి అందుకో. చాంబర్ బోల్టులకి 25 న్యూటన్ మీటర్లు, వెనక కవర్‌లోకి వెళ్ళే పొడుగు సన్న బోల్టులకి 12, గేర్‌బాక్స్‌కి కలిపేవాటికి 50. సన్న బోల్టుకి 25 పెట్టావా, తెగిపోతుంది.

పేస్టుకి ఒక రాత్రి ఒక పగలు ఆరే టైమివ్వు. కొత్త ఫిల్టర్ వేసి, నూనె పోసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసి, ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టు. అప్పుడే స్టార్ట్ చెయ్. తీసిన నూనె కాలవలో పోయకు. అక్కడి పార్టుల దుకాణాలు చాలావరకు ఊరికే తీసుకుంటాయి. ఇంకో మాట. లీకు పట్టడానికి తిప్పే ఆ రెండు మూడు రోజులు తప్ప, లీకున్న బండిని ఈలోపు రోడ్డు మీద పరిగెత్తించకు. వేడి ఎగ్జాస్ట్ మీద నూనె పడితే నిప్పు అంటుకోవచ్చు. మలుపులో పడితే వెనక వచ్చే మోటర్ సైకిల్ జారుతుంది.

ప్యాకింగ్ మార్చడం తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు. చాంబర్ దిగినప్పుడు లోపలి భాగాలన్నీ చూసి, ఎవరికీ కనపడని చోట కూడా శుభ్రంగా పనిచేసినవాడే మెకానిక్. నువ్వు అలాంటివాడివి కావాలని నా కోరిక. టార్క్ రెంచి, కొత్త ఓ-రింగ్, మంచి స్టాండ్లు, ఈ మూడూ చేతికి వచ్చేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకు.

ఇట్లు,
మీ మావయ్య