బందరులో ప్లాటా, కోదాడలోనా?

ప్రశ్న: మాది కోదాడ. బందరు పోర్టు దగ్గర ప్లాటు కొనమంటున్నారు. పెట్టుబడికి, రిటైరయ్యాక ఉండడానికి పనికొస్తుందా?

జవాబు: సూర్యాపేట, కోదాడల మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి చివరికి చేరేది బందరు, అంటే మచిలీపట్నమే. మంగినపూడి వైపు పోర్టు పనులు మొదలయ్యాక అక్కడి భూమికి గిరాకీ పెరిగింది. అయితే రేపటి ఆశ నేటి ధరలోనే కలిసి ఉంటుంది. పోర్టు ఆలస్యమైతే డబ్బు ఇరుక్కుంటుంది కాబట్టి అప్పు చేసి కొనకూడదు.

తీరంలో అసలు చిక్కు నేలతో, నీటితో. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కోస్తా నియంత్రణ నిబంధనలుంటాయి. ఇల్లు కట్టనివ్వని చోట ప్లాటు ఎంత చవకైనా దండగే. చాలాచోట్ల బోరు నీరు ఉప్పన, ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తుపాను ముప్పూ ఉంది: 1977 నవంబరు ఉప్పెన ఈ తీరంలోనే దివిసీమను ముంచెత్తింది. అందుకే వానాకాలంలో ఒకసారి స్థలం చూడాలి, చుట్టుపక్కల పాత ఇళ్లవారిని అడగాలి.

రెరా నమోదు, లేఅవుట్ అనుమతి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), రిజిస్ట్రేషన్లకు 22ఏ నిషేధిత జాబితా చూడనిదే బయానా ఇవ్వరాదు. ఉండడానికైతే బంధువులు, తెలిసిన డాక్టరు అందుబాటులో ఉండే కోదాడ, సూర్యాపేటలే మేలు. రైలు కావాలంటే మిర్యాలగూడ ఉంది.

అసైన్డ్ భూమి, వారసుల తగాదా, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అమ్మకం అని తేలితే పత్రాలను వెంటనే మచిలీపట్నంలోని సివిల్ న్యాయవాదికి చూపించాలి.