యూఎస్‌బీ మైక్‌లో టిక్ టిక్ శబ్దమా? కొత్త మైక్ కొనేముందు ఇవి చెక్ చేయండి

పోయిన దసరా సెలవులకి ల్యాప్‌టాప్, యూఎస్‌బీ మైక్ బ్యాగ్‌లో వేసుకుని కళ్యాణదుర్గం దగ్గరున్న మా ఊరికి వెళ్లాను. పని ఒక్కటే. మా అవ్వ శెనక్కాయలు ఒలిచేటప్పుడు, చేలో కలుపు తీసేటప్పుడు పాడే పాటలు రికార్డ్ చేయాలి. ఆమెకు ఎనభై దాటాయి. వానలు సరిగా లేక మా పక్క శెనక్కాయ వేసేవాళ్లు తగ్గారు, దాంతో ఆ పాటలు వచ్చినవాళ్లూ తగ్గిపోయారు.

అవ్వ రెండు గంటలు ఓపిగ్గా పాడింది. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గుండె జారిపోయింది. కొన్ని సెకన్లకోసారి ‘టిక్’ అని శబ్దం, అక్కడక్కడా మాటలో సగం మాయం. మర్నాడు మళ్లీ పాడమంటే, "ఇంగ నాతో కాదు నాయనా, గొంతు పట్టుకుండాది" అనేసింది.

ఇదే మైక్ అనంతపురంలో నా రూంలో టెస్ట్ చేసినప్పుడు చక్కగా పనిచేసింది. అంటే మైక్‌లో తప్పు లేదు. మరి ఎక్కడుంది? మీకూ ఇలాగే అవుతుంటే నేను వెతికిన వరుసలోనే చూద్దాం రండి.

అసలు ఆ టిక్ ఎలా వస్తుంది?

మైక్ 48 కిలోహెర్ట్జ్‌లో ఉంటే సెకనుకు 48,000 శాంపిల్స్ తీసుకుంటుంది. మామూలు యూఎస్‌బీ మైక్‌లు చాలావరకు వాటిని ప్రతి మిల్లీసెకనుకు ఒక ప్యాకెట్‌గా, అంటే 48 శాంపిల్స్ చొప్పున పంపుతాయి. మనం ఫైల్ కాపీ చేసేటప్పుడు ఏదైనా ముక్క తప్పిపోతే మళ్లీ పంపుతుంది కదా, ఆడియోలో ఆ అవకాశం లేదు. పోయిందంటే పోయినట్టే.

వచ్చిన శాంపిల్స్‌ని ల్యాప్‌టాప్ బఫర్‌లో పెట్టుకుంటుంది. బఫర్ 256 శాంపిల్స్ అయితే 5.3 మిల్లీసెకన్ల ఆడియో మాత్రమే పడుతుంది. ఆలోపు ప్రాసెసర్ వచ్చి తీసుకోవాలి. వేరే డ్రైవర్ ఏదైనా దాన్ని అంతకంటే ఎక్కువసేపు పట్టుకుని కూర్చుంటే మధ్యలో శాంపిల్స్ ఎగిరిపోతాయి. తెగిన రెండు ముక్కలు ఒక్కసారిగా అతుక్కునే చోట మనకు వినబడేదే టిక్.

ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

అదే ఫైల్‌ని ఫోన్‌లోకి కాపీ చేసి వినండి. టిక్ అదే సెకను దగ్గర మళ్లీ వస్తే తప్పు ఫైల్‌లోనే ఉంది. ఫోన్‌లో రాకపోతే రికార్డింగ్ బాగానే ఉంది, ల్యాప్‌టాప్ ప్లేబ్యాక్‌లో సమస్య.

ఫైల్‌లోనే ఉంటే ఆడాసిటీలో ఓపెన్ చేసి, టిక్ వచ్చిన చోట బాగా జూమ్ చేయండి.

• గీత నిట్టనిలువుగా తెగి ఇంకోచోట మొదలైతే శాంపిల్స్ పోయాయి. బఫర్, డ్రైవర్, కేబుల్, హబ్ చూడాలి.
• అలల తలలు కత్తిరించినట్టు చదునుగా ఉంటే గెయిన్ ఎక్కువైంది. గట్టిగా పాడినప్పుడు కూడా మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఉండేలా తగ్గించండి.
• ఎవరూ మాట్లాడనప్పుడు కూడా ‘గుంయ్’ మని ఆగకుండా వస్తుంటే అది హమ్. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. ఛార్జర్, ఎర్తింగ్ చూడాలి.
• గొంతు సన్నబడి పాట వేగంగా నడుస్తుంటే శాంపిల్ రేట్ తేడా. 44.1లో రికార్డ్ అయినది 48లో ప్లే అయితే ఇలాగే ఉంటుంది.

నా కేసులో ఏం జరిగిందంటే

మా ఊరి ఇంట్లో సాకెట్‌కి ఎర్తింగ్ సరిగా లేదు. ఛార్జర్ పెట్టగానే హమ్ వచ్చింది. పీకేశా, హమ్ పోయింది. సమస్య తీరిపోయిందని సంబరపడ్డా. అక్కడే దెబ్బతిన్నా.

ఛార్జర్ తీయగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ సేవర్‌లోకి వెళ్లి ప్రాసెసర్ వేగం తగ్గించేసింది. పైగా ఊళ్లో వైఫై లేదు. దాంతో వైఫై డ్రైవర్ ఉండుండి నెట్‌వర్క్ కోసం వెతుకుతూనే ఉంది. వెతికిన ప్రతిసారీ ఆడియోకి అందాల్సిన టైమ్ తినేసింది. నా రూంలో వైఫై కనెక్ట్ అయి ఉంది, ఛార్జర్ పెట్టి ఉంది, అందుకే అక్కడ టెస్ట్ పాసైంది.

ఇది ఊహ కాదు. లేటెన్సీమాన్ అనే ఫ్రీ టూల్ రన్ చేస్తే ఏ డ్రైవర్ ఎంత టైమ్ తీసుకుంటుందో చూపిస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో పైన కనిపించింది వైఫై డ్రైవరే. బ్యాటరీ మీదే ఉంచి ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేశా, టిక్‌లు బాగా తగ్గాయి. తర్వాత పవర్ మోడ్ ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’కి మార్చా, ఐదు నిమిషాల్లో ఒక్కటీ రాలేదు. రెండూ ఒకేసారి మార్చి ఉంటే ఏది ఎంత పనిచేసిందో తెలిసేది కాదు.

ఈ వరుసలో, ఒక్కోసారి ఒక్కటే మార్చండి

1. హబ్ తీసేసి మైక్‌ని నేరుగా ల్యాప్‌టాప్ పోర్ట్‌కి పెట్టండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పక్కన పెట్టేయండి. వేరే కేబుల్ ట్రై చేయండి.
2. ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేయండి. బ్యాటరీ సేవర్ ఆఫ్ చేయండి.
3. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మైక్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 48,000 పెట్టండి. ఆడాసిటీ ప్రాజెక్ట్ రేట్ కూడా అదే ఉండాలి.
4. బఫర్ పెంచండి. 1024 శాంపిల్స్ అంటే 21 మిల్లీసెకన్లు. హెడ్‌ఫోన్స్‌లో మన గొంతు కాస్త ఆలస్యంగా వినబడుతుంది, రికార్డింగ్‌కి మాత్రం నష్టం లేదు.
5. నాయిస్ సప్రెషన్, ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి. అవి మాటల కోసం చేసినవి. పాటలో సాగదీసిన రాగాన్ని ఫ్యాన్ శబ్దం అనుకుని కోసేసే ప్రమాదం ఉంది.
6. మన ఎండల్లో ల్యాప్‌టాప్ వేడెక్కినా వేగం తగ్గుతుంది. పరుపు మీద కాకుండా గట్టి బల్ల మీద పెట్టండి.

పాడైన ఫైల్ బాగవుతుందా?

కొంతవరకే. ఆడాసిటీలో ‘రిపేర్’ ఎఫెక్ట్ ఒకసారికి 128 శాంపిల్స్ వరకు అతుకుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో అది మూడు మిల్లీసెకన్లు కూడా కాదు. చిన్న టిక్‌లు పోతాయి. పోయిన మాట మాత్రం తిరిగి రాదు.

సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. ఈసారి అవ్వను కూర్చోబెట్టకముందే, ఆమె కూర్చునే చోటే, ఛార్జర్ లేకుండా ఐదు నిమిషాలు నేనే ఏదో వాగి రికార్డ్ చేసి, మొత్తం విన్నాక పిలిచాను. ఒక్క టిక్ లేదు. కానీ దసరాకి పాడిన పాటల్లో ఒకటి ఆమెకు సగం వరకే గుర్తొచ్చింది. అది పూర్తిగా ఉన్నది ఆ టిక్‌ల ఫైల్‌లోనే. అందుకే దాన్ని డిలీట్ చేయలేదు.

టెస్ట్ మీ రూంలో కాదు, రికార్డ్ చేయబోయే చోట, అదే కరెంట్ మీద చేయండి. ఐదు నిమిషాలు చాలు. మైక్ ఇంకోటి కొనుక్కోవచ్చు, పాడే మనిషికి మళ్లీ ఓపిక ఉంటుందో లేదో చెప్పలేం.